సబ్‌డివిజన్‌లో కయోటీలు: పట్టించాలా, వదిలేయాలా? గురువారం హెచ్ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) మీటింగ్ ఉంది, సలహా కావాలి

నేపర్‌విల్_నాన్న (ఇల్లినాయిస్)

అందరికీ నమస్కారం. మా సబ్‌డివిజన్ (ఇళ్ల కాలనీ) వాట్సాప్ గ్రూపులో మే నెల మొదలైనప్పటి నుంచి ఒకటే గొడవ. మా ఇళ్ల వెనక ఒక చిన్న చెరువు, దాని చుట్టూ వాకింగ్ ట్రెయిల్ ఉన్నాయి. అక్కడ పొద్దున్నే ఒక కయోటీ (మన నక్క లాంటి అడవి జంతువు) కనిపిస్తోంది, ఒక్కోసారి రెండు. అర్ధరాత్రి డ్రైవ్‌వే మీదుగా నడిచి వెళ్తున్న వీడియో ఒకాయన డోర్‌బెల్ కెమెరా నుంచి తీసి పెట్టారు. ఇక అక్కడి నుంచి సగం మంది ట్రాపర్‌ని (జంతువుల్ని పట్టేవాడిని) పిలిపించాలని, హెచ్ఓఏ డబ్బుతో పట్టించేయాలని పట్టుబడుతున్నారు. మిగతా సగం మంది "అవి మనకంటే ముందు నుంచే ఉన్నాయి, వాటి మానాన వదిలేయండి" అంటున్నారు.

మా ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. అమ్మానాన్న ఊరి నుంచి వచ్చి ఉన్నారు. నాన్న రోజూ ఆరింటికల్లా ఆ ట్రెయిల్ మీదే నడకకు వెళ్తారు. మీటింగ్‌లో ఎటు మాట్లాడాలో నాకు తేలడం లేదు. మీ మీ ఊళ్లలో ఏం జరిగిందో, ఏం పనిచేసిందో చెప్పండి.

ఫ్రిస్కో_వాసి (టెక్సాస్)

వదిలేయమనేవాళ్లు మా ఊరి సంగతి తెలుసుకోవాలి. 2018 చివర్లో, 2019 మొదట్లో ఎల్డొరాడో పార్క్‌వే రోడ్డు చుట్టుపక్కల కయోటీలు మనుషుల మీదికే వచ్చాయి. జాగింగ్‌కి వెళ్లినవాళ్లను కరిచాయి. ఆ చలికాలమంతా మా వైపు పిల్లల్ని ఎవరూ ఒంటరిగా బయటికి పంపలేదు. సిటీవాళ్లు రంగంలోకి దిగి కొన్నిటిని తొలగించాకే సద్దుమణిగింది. మీరు వెంటనే సిటీకి చెప్పండి. హెచ్ఓఏ మీటింగ్ దాకా ఆగడం ఎందుకు?

పెరటిపిట్ట (షాంబర్గ్, ఇల్లినాయిస్)

నేపర్‌విల్_నాన్న గారూ, మీరు అడగాల్సిన ఊరి నుంచే అడిగారు. ఊళ్లో బతికే కయోటీల గురించి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ తెలిసింది మన షికాగో చుట్టుపక్కలే. ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన స్టాన్లీ గెర్ట్ 2000లో ఇక్కడ కుక్ కౌంటీలో అధ్యయనం మొదలుపెట్టారు. ఏడాదిలో ముగించేద్దామని మొదలైన పని ఇప్పటికీ నడుస్తోంది. ఇప్పటిదాకా వెయ్యికి పైగా కయోటీలను పట్టి, గుర్తులు వేసి, చాలావాటికి రేడియో కాలర్లు కట్టి వదిలారు. ఈ మహానగర ప్రాంతం మొత్తంలో అవి వేలల్లో ఉన్నాయని వాళ్ల అంచనా.

ఆ సంఖ్యను భయపడడానికి చెప్పలేదు. వేల కయోటీలు, దాదాపు కోటి మంది మనుషులు ఒకేచోట రాత్రీ పగలూ తిరుగుతుంటే కాట్లు చాలా చాలా అరుదు. ఎందుకంటే అవి మన కంటపడకుండా బతకడం నేర్చుకున్నాయి. అడవిలో ఉండే కయోటీ పగలు కూడా వేటాడుతుంది. ఊళ్లో ఉండేది పనంతా రాత్రికి మార్చుకుంది. రోడ్డు పక్కన ఆగి, కార్ల మధ్య సందు చూసి దాటుతుంది. అంత జాగ్రత్తగా ఉన్నా ఇక్కడ వాటి చావుల్లో 40 నుంచి 70 శాతం దాకా కార్ల కిందే. సోల్జర్ ఫీల్డ్ స్టేడియం పార్కింగ్ దగ్గర ఒక జంట పిల్లల్ని పెంచింది. ఫుట్‌బాల్ చూడటానికి వేలమంది వచ్చిపోయే చోటది!

ఇక అవి ఏం తింటాయి అన్నది. ఆ అధ్యయనం వాళ్లు 1,400కు పైగా కయోటీ పెంటికలు (మలం) ఏరి, ఎండబెట్టి, విడదీసి చూశారు. నేను మా ఫారెస్ట్ ప్రిజర్వ్‌లో (ఊరి పక్కన కాపాడుతున్న అడవిలో) వాలంటీరుగా ఉన్నాను కాబట్టి అలాంటివి ట్రెయిల్ మధ్యలో తరచూ చూస్తుంటాను. తాడులా మెలితిరిగి ఉంటుంది. పుల్లతో విప్పితే బూడిదరంగు బొచ్చు, అగ్గిపుల్ల ముక్కల్లాంటి ఎముకలు, వేసవి చివరికైతే నిండా గింజలు. వాళ్ల లెక్కలో చిట్టెలుకల జాతి 42 శాతం పెంటికల్లో కనిపించింది, పండ్లు 23, జింక 22, కుందేలు 18. పెంపుడు పిల్లి 1.3 శాతం. మన చెత్తబుట్టల తిండి సుమారు 2 శాతం.

ఇంకొకటి. చెరువు అన్నారు కదా, దాని గట్టున కెనడా గూస్ బాతులు ఉండే ఉంటాయి. ఇక్కడ బాతుల గూళ్ల దగ్గర కెమెరాలు పెట్టి చూస్తే గుడ్లు ఎత్తుకెళ్తున్నది ఎక్కువగా కయోటీలేనని తేలింది. మీ కయోటీ పొద్దున్నే చెరువు దగ్గరికి వచ్చేది మీ నాన్నగారి కోసం కాదండీ.

తెనాలి_తాతయ్య (ప్రస్తుతం అబ్బాయి దగ్గర, అరోరా, ఇల్లినాయిస్)

బాబూ, నాదీ మీ నాన్నగారి వయసే, నాదీ అదే నడక. మాకు నక్కలు కొత్త కాదు. చిన్నప్పుడు చెరకు తోటల్లో రాత్రిపూట వాటి ఊళలు వింటూ పడుకున్నవాళ్లమే. ఇది మన నక్క కంటే పెద్దది, కాళ్లు పొడవు. తోక కిందికి వేలాడేసి నడుస్తుంది. మొదటిసారి చూసి ఎవరిదో కుక్క తప్పిపోయిందనుకున్నాను.

నాకు ఒక సందేహం. మొన్న పొద్దున అది నా వెంటే వచ్చింది. నేను ఆగితే అదీ ఆగింది. నేను నడిస్తే పక్కన గడ్డిలో నాకు సమానంగా నడిచింది. మీద పడే ఉద్దేశమైతే కనపడలేదు గానీ, పోనూ పోలేదు. చెరువు మలుపు దాటాక మాయమైంది. ఇదేమిటి? చెప్పగలరా?

పెరటిపిట్ట

బాబాయ్ గారూ, మీరు చాలా చక్కగా గమనించారు. అది మిమ్మల్ని సాగనంపింది. జనవరి, ఫిబ్రవరి, మార్చిలలో వాటి జత కట్టే కాలం. రెండు నెలలకు, అంటే ఏప్రిల్, మే నెలల్లో ఈనుతాయి. ఇప్పుడు ఆ గడ్డిలోనో, పైపు కల్వర్టులోనో వాటి బొరియ ఉండి ఉంటుంది. పిల్లలున్న చోటికి పెద్ద జంతువు ఏది వచ్చినా, మనిషైనా కుక్కైనా, తల్లో తండ్రో కొంత దూరంలో వెంట నడిచి తమ హద్దు దాటించేదాకా వదలదు. తండ్రి కూడా అని ఎందుకంటున్నానంటే, ఆ జంట జీవితాంతం కలిసే ఉంటుంది. షికాగోలో 236 కయోటీలకు జన్యు పరీక్షలు చేస్తే ఒక్క పిల్ల కూడా వేరే తండ్రికి పుట్టినట్టు కనపడలేదు. 2012లో ఈ ఫలితాలు వచ్చాయి. తండ్రి తిండి మోసుకొస్తాడు, కాపలా కాస్తాడు.

మీరు చేయాల్సింది ఇంతే: పరుగెత్తకండి, వెన్ను చూపకండి, దాన్ని చూస్తూనే నెమ్మదిగా వెళ్లిపోండి. జులై దాటేదాకా ఆ మలుపు వైపు కాకుండా ఇంకో దారిలో నడవండి. బొరియ దగ్గర దాన్ని తరిమే ప్రయత్నం మాత్రం వద్దు. పిల్లల్ని వదిలి ఎక్కడికీ పోదు కాబట్టి తిరగబడొచ్చు.

టఫీ_నాన్న (న్యూజెర్సీ)

ఈ థ్రెడ్ అంతా చదివాను. కయోటీ మంచి తండ్రి అని చదివితే నాకు కడుపు మండింది. మా టఫీ షిట్జు జాతి చిన్న కుక్క, పన్నెండు పౌండ్లు. పోయిన ఫిబ్రవరిలో రాత్రి పడుకునే ముందు బ్యాక్‌యార్డ్‌లోకి వదిలాం, రోజూ వదిలినట్టే. ఫెన్స్ ఉంది. లోపల మా అమ్మాయి దాని గిన్నెలో నీళ్లు పోస్తోంది. ఒక్క అరుపు వినపడింది, అంతే. మంచులో ఫెన్స్ దాకా అడుగులు ఉన్నాయి, ఆ పైన ఏమీ లేదు. మా అమ్మాయి ఇప్పటికీ ఆ తలుపు తీయదు.

42 శాతం ఎలుకలు అంటారు. మాకు ఆ మిగతా లెక్క అనవసరం. మా దాన్ని తిన్నది ఒకటే. దాన్ని పట్టుకోమంటే మా టౌన్ వాళ్లు పెంపుడు జంతువు పోయినంత మాత్రాన పట్టలేమన్నారు. నేపర్‌విల్_నాన్న గారూ, మీరు పట్టించమనే చెప్పండి.

వెట్_అక్క (డాలస్, టెక్సాస్)

టఫీ_నాన్న గారూ, చాలా బాధగా ఉందండీ. మీ అమ్మాయి బాధను చిన్నగా తీసుకోకండి. నేను పశువైద్యురాలిని. బతికి బయటపడ్డ చిన్న కుక్కలు మా దగ్గరికి వస్తుంటాయి. మెడ మీద, వీపు మీద పైకి రెండే రంధ్రాలు కనపడతాయి, లోపల కండరం అంతా చిరిగి ఉంటుంది. అందుకే ఎవరి కుక్కనైనా కయోటీ పట్టి వదిలేస్తే, పైకి బాగున్నట్టే కనపడినా అదే రాత్రి ఎమర్జెన్సీకి తీసుకురావాలి.

మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. ఫిబ్రవరి అంటే జత కట్టే కాలం. అప్పుడు తమ హద్దులో ఉన్న కుక్కను కయోటీలు తిండిగా మాత్రమే చూడవు, పోటీకి వచ్చిన ఇంకో కయోటీగా చూస్తాయి. పెద్ద కుక్కల మీదికి కూడా వస్తాయి. మామూలు ఆరడుగుల ఫెన్స్‌ని అవి కాళ్లతో పట్టుకుని పైకి ఎగబాకి దాటేస్తాయి. ఫెన్స్ పైఅంచున తిరిగే గొట్టాలు, రోలర్లు అంటారు, అవి బిగిస్తే కాలికి పట్టు దొరక్క జారిపోతాయి. అడుగున తవ్వకుండా వల పాతాలి. ఇవన్నీ పెట్టినా చీకటి పడ్డాక చిన్న కుక్కతో పాటు మనిషి ఉండాల్సిందే. వాకింగ్‌లో ఆరడుగుల లీష్ (కుక్కను పట్టుకునే తాడు) వాడండి. సాగే లీష్ మీద కుక్క ముప్పై అడుగుల దూరంలో ఉంటే, మీరు లాక్కునేలోపు అంతా అయిపోతుంది.

ఉప్పాడ_అల (లాస్ ఏంజిలెస్)

పెరటిపిట్ట గారి లెక్కలు షికాగోకు నిజం. అన్ని ఊళ్లకూ అదే అనుకుంటే పొరపాటవుతుంది. మా దగ్గర నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్లు కూడా పెంటికలు ఏరించారు, చాలామంది వాలంటీర్లతో. ఇళ్లు కిక్కిరిసిన ప్రాంతంలో ఐదింట ఒక దానిలో పిల్లి ఉంది. పైగా వాటి తిండిలో సగానికి పైనే మన వల్ల వచ్చిందే: చెత్త, పెంపుడు జంతువుల తిండి, ఇళ్ల ముందు అందానికి పెంచే చెట్ల పండ్లు. మా వీధిలో అంజూర చెట్టు కింద రాత్రిళ్లు కయోటీని నేనే చూశాను, కింద రాలినవి ఏరుకుని తింటూ. 2015లో డౌన్‌టౌన్ దగ్గర రెండు కయోటీలకు కాలర్లు కడితే వాటిలో ఒకటి 101 ఫ్రీవే అవతలికీ ఇవతలికీ తిరుగుతోందని తెలిసింది.

తేడా ఎందుకంటే షికాగో చుట్టూ ఫారెస్ట్ ప్రిజర్వ్‌లు ఉన్నాయి, వాటిలో ఎలుకలు, కుందేళ్లు పుష్కలం. ఇక్కడ కాంక్రీటు ఎక్కువ. వీధి పిల్లులకు బయట గిన్నెలతో తిండి పెట్టేవాళ్లు ఎక్కువ. కయోటీ గిన్నె కోసం వస్తుంది, పిల్లిని కూడా పట్టుకుపోతుంది. అంటే ఏ ఊరి కయోటీ ఎలా ఉంటుందో ఆ ఊరి మనుషులే చాలావరకు నిర్ణయిస్తున్నారు.

అయినా నేను వాటిని పట్టించమనే పక్షం కాదు. శాన్ డియాగోలో 1999లో వచ్చిన ఒక పరిశోధన ఉంది. ఇళ్ల మధ్య మిగిలిన చిన్న చిన్న పొదల అడవుల్లో కయోటీ తిరిగే చోట పిల్లులు తగ్గి, నేల దగ్గర గూళ్లు కట్టే పిట్టల జాతులు ఎక్కువ మిగిలాయి. కయోటీ లేని చోట అవే పిట్టలు తగ్గిపోయాయి. నేను పిట్టలు చూసేదాన్ని, నాకు ఇది చాలా పెద్ద విషయం.

నేపర్‌విల్_నాన్న

చాలా థాంక్స్ అందరికీ. టఫీ_నాన్న గారి పోస్టు మా ఆవిడకు చదివి వినిపిస్తే ఇద్దరం కాసేపు మాట్లాడలేకపోయాం.

నాకు ముఖ్యంగా రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, పట్టించి దూరంగా ఎక్కడైనా అడవిలో వదిలేయడం కుదరదా? చంపకుండా? రెండు, రేబిస్. మా అమ్మకు ఇదే టెన్షన్. ఊళ్లో కుక్క కాటుతో పోయినవాళ్లను చూసింది కాబట్టి పాపను గడప దాటనివ్వడం లేదు.

పెరటిపిట్ట

మొదటిదానికి నేను చెప్తాను. దూరంగా వదలడం వినడానికి బాగుంటుంది గానీ, కయోటీకి అది మరణశిక్షే. షికాగో అధ్యయనంలో అలా తీసుకెళ్లి వదిలినవి వదిలిన చోట నిలవలేదు. ఒకటి రెండు రోజుల్లో బయల్దేరి తాము వచ్చిన దిక్కుగా నడిచాయి. ఇల్లు చేరినది లేదు. దారిలో కార్ల కింద, తుపాకుల ముందు పడ్డాయి.

ఇక పట్టి చంపడం. ఇక్కడొక విషయం గమనించాలి. ఊళ్లోని కయోటీల్లో ఒక భాగం సొంత హద్దు ఉన్న జంటలు. వాటి హద్దు సగటున ఐదు చదరపు కిలోమీటర్ల లోపే. మిగతావి హద్దు లేని ఒంటరివి, చాలావరకు వయసుకొచ్చి ఇల్లు విడిచినవి. ఇవి సగటున 27 చదరపు కిలోమీటర్ల మేర ఖాళీ ఎక్కడ దొరుకుతుందా అని తిరుగుతుంటాయి. మీ చెరువు దగ్గరున్న జంటను తీసేస్తే ఆ చోటు ఖాళీ అవుతుంది, కొద్ది వారాల్లోనో నెలల్లోనో ఇంకొకటి దిగుతుంది. పాతది మీ మనుషుల్ని చూసి పక్కకు తప్పుకోవడం నేర్చుకున్నదైతే, కొత్తది ఎలాంటిదో మీకు తెలియదు.

ఇది నా ఊహ కాదు. నూట యాభై ఏళ్లుగా అమెరికా దీన్ని పరీక్షించి చూసింది. బహుమతులు పెట్టారు, విషాలు పెట్టారు, ఇప్పటికీ ప్రభుత్వ విభాగమే ఏటా సుమారు 60 వేల కయోటీలను చంపుతోంది, ఎక్కువగా పశువుల మందల కోసం. అయినా ఏమైంది? 1800లలో పడమటి మైదానాల్లో, ఎడారుల్లో ఉన్న జంతువు ఇప్పుడు హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లో ఉంది. తూర్పున తోడేళ్లను మనమే తుడిచిపెట్టాం, అడవులు కొట్టి పొలాలు చేశాం. ఖాళీ అయిన ఆ చోట్లన్నిటిలోకి ఇది నడుచుకుంటూ వచ్చేసింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 1999లోనే కనపడింది. శాన్ ఫ్రాన్సిస్కోలో దశాబ్దాల పాటు లేకుండా పోయి, 2000 తర్వాత మళ్లీ వచ్చింది. జన్యు పరీక్షలు ఉత్తరం వైపు వాటితో చుట్టరికం చూపాయి, అంటే గోల్డెన్ గేట్ బ్రిడ్జి దాటే వచ్చి ఉండాలి. దక్షిణాన పనామా దాకా వెళ్లింది. దీన్ని ఒక హెచ్ఓఏ ట్రాపర్ ఆపలేడు.

వెట్_అక్క

రేబిస్ గురించి. మీ అమ్మగారి భయం అర్థం చేసుకోదగ్గదే. మన దగ్గర రేబిస్ అంటే కుక్కే. ఇక్కడ కుక్కల్లో తిరిగే ఆ రకం వైరస్ ఇప్పుడు లేదు. 2007లో అమెరికా ఆ మాట అధికారికంగా ప్రకటించింది. ఇప్పుడు ఇక్కడ రేబిస్ ఎక్కువగా గబ్బిలాల్లో, రాకూన్లలో, స్కంకుల్లో, నక్కల్లో కనిపిస్తుంది. కయోటీల్లో చాలా తక్కువ.

కానీ ఒకప్పుడు కయోటీల్లో కూడా పాకింది. 1988లో దక్షిణ టెక్సాస్‌లో మొదలై కొన్నేళ్లు ఉత్తరం వైపు వచ్చింది. 1995 నుంచి విమానాల్లోంచి టీకా మందు పెట్టిన ఎరలు లక్షల్లో చల్లారు. కయోటీలు వాటిని కొరికి మింగి, తమకు తెలియకుండానే టీకా వేయించుకున్నాయి. ఆ వ్యాధి అక్కడితో ఆగిపోయింది. కయోటీలను చంపి కాదు, టీకాతో ఆపారు.

అయినా ఏ అడవి జంతువు కరిచినా నిర్లక్ష్యం వద్దు. సబ్బు, ధారగా నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, యానిమల్ కంట్రోల్‌కి (జంతువుల సంగతి చూసే స్థానిక విభాగానికి) చెప్పాలి.

మీకు ఎక్కువగా కనిపించే జబ్బు గజ్జి. బొచ్చు ఊడి, తోక ఎలుక తోకలా అయి, పగలు ఎండలో వరండాల దగ్గర పడుకునే కయోటీ కనపడితే అది పిచ్చిది కాదు, గజ్జితో చలికి తట్టుకోలేక వెచ్చదనం వెతుక్కుంటోంది. దాన్ని పిల్లలు ముట్టుకోకుండా చూసి యానిమల్ కంట్రోల్‌కి ఫోన్ చేయండి.

ఇక మా డాలస్‌లో జరిగినది కూడా చెప్పాలి. 2022 మేలో లేక్ హైలాండ్స్ వైపు ఇంటి ముందు వరండాలో ఉన్న రెండేళ్ల పిల్లాడిని కయోటీ తీవ్రంగా గాయపరిచింది. తర్వాత తెలిసిందేమిటంటే, చుట్టుపక్కల కొందరు దానికి చేత్తో తిండి పెడుతూ, నిమురుతూ ఉన్నారు. ముద్దు చేసినవాళ్లకు ఏమీ కాలేదు. దెబ్బ తిన్నది పసివాడు.

గుంటూరు_కోడలు (అట్లాంటా)

నేను ఎప్పుడూ చదవడమే తప్ప రాయను. ఇప్పుడు అడగక తప్పడం లేదు. మా అత్తగారు మేము తినే ముందు కాకులకు అన్నం ముద్ద పెడతారు, డెక్ రెయిలింగ్ మీద. తద్దినం రోజైతే వడ, గారె, పరమాన్నంతో సహా ఆకులో పెట్టి బయట ఉంచుతారు. పొద్దున చూస్తే ఆకు ఖాళీగా ఉంటుంది, కాకులు తిన్నాయనుకుంటారు. ఇది కూడా కయోటీకి తిండి పెట్టడం కిందికే వస్తుందా? ఆవిడను ఆపమంటే బాధపడతారు.

పెరటిపిట్ట

వస్తుందండీ. రాత్రంతా బయట ఉన్న అన్నం రాకూన్‌కి, ఎలుకలకి, వాటి కోసం కయోటీకి అందుతుంది. బర్డ్ ఫీడర్ కింద రాలిన గింజలదీ అదే దారి. గింజలకు ఎలుకలు, కుందేళ్లు వస్తాయి, వాటి వెనక ఇది వస్తుంది.

కానీ ఆపమనక్కర్లేదు. కాకి పగటి పక్షి. పట్టపగలు, అత్తగారు అక్కడే కూర్చుని చూస్తుండగా పెట్టమనండి. అరగంట తర్వాత మిగిలింది లోపలికి తెచ్చేయండి. కాకి ముట్టింది కళ్లారా చూసిన తృప్తి కూడా ఆవిడకు ఉంటుంది.

తెనాలి_తాతయ్య

మంచి ఉపాయం చెప్పారమ్మా. పెద్దవాళ్లకు కారణం చెప్తే వింటారు. ఒక మాట నేనూ కలుపుతాను. ఊరి నుంచి వచ్చిన మాలాంటి వాళ్లం దీన్ని వీధి కుక్క అనుకుని బిస్కెట్ వేయబోతాం. దయతోనే వేస్తాం. పిల్లలు తల్లిదండ్రులకు ఎయిర్‌పోర్టు నుంచి వచ్చిన రోజే ఇది చెప్పాలి.

మంచుదారి (ఎడ్మంటన్, కెనడా)

కొంచెం ఆలస్యంగా వచ్చాను. మా దగ్గర యూనివర్సిటీ వాళ్లు చాలా ఏళ్లుగా దీని మీద పనిచేస్తున్నారు. వాళ్ల పరిశోధనలో నాకు బాగా గుర్తుండిపోయింది కంపోస్ట్ సంగతి. జబ్బుపడ్డ, గజ్జి పట్టిన కయోటీలు వేటాడలేక ఇళ్ల కంపోస్ట్ కుప్పల మీద ఎక్కువ ఆధారపడుతున్నాయి. కుళ్లిన కంపోస్ట్‌లో బూజు విషాలు ఉంటాయి. అది తిని ఇంకా నీరసపడతాయి, ఇంకా ఇళ్ల దగ్గరికి వస్తాయి. కూరగాయల తొక్కలు బయట కుప్పపోసే మనవాళ్లు చాలామంది ఉన్నారు కదా, మూత ఉన్న డబ్బా వాడండి. ఇక్కడి ఊరి కయోటీల్లో మనుషులకు కూడా ప్రమాదమైన ఒక రకం బద్దెపురుగు కూడా దొరికింది, అందుకే కుక్క మలం ముట్టిన చేతులు, ఆకుకూరలు బాగా కడగడం అవసరం.

"కుక్క కంటే పెద్దది కాదు, ఏమీ చేయదు" అనే ధీమా కూడా వద్దు. 2009లో నోవా స్కోషియాలోని కేప్ బ్రెటన్ హైలాండ్స్ నేషనల్ పార్కులో ఒంటరిగా నడుస్తున్న 19 ఏళ్ల గాయనిని కయోటీలు చంపాయి. పెద్దవాళ్ల విషయంలో నమోదైన ఘటన అదొక్కటే. తర్వాత అక్కడి కయోటీలను పరిశోధిస్తే, చిన్న వేట లేక అవి మూస్ లాంటి పెద్ద జంతువుల మీద బతుకుతున్నాయని తేలింది. ఊరి కయోటీల కథ వేరు. వాంకూవర్ స్టాన్లీ పార్కులో 2020 డిసెంబర్ నుంచి 2021 సెప్టెంబర్ లోపు 45 మందిని కరిచాయి. ఆ పార్కులో జనం తిండి పెట్టడం మామూలైపోయింది, ఫొటోల కోసం కూడా పెట్టేవారు. చివరికి రాత్రిళ్లు పార్కు మూసి, కయోటీలను చంపాల్సి వచ్చింది.

ఇక్కడ మేం నేర్చుకున్నది తరమడం. బొరియ దగ్గర కాకుండా ఇంకెక్కడైనా కయోటీ కనపడితే చేతులు పైకెత్తి, గట్టిగా అరుస్తూ, రెండడుగులు దానివైపే వేయాలి. అది మాయమయ్యేదాకా ఆపకూడదు, సగంలో ఆపితే "ఇంతే కదా" అనుకుంటుంది. మా వాలంటీర్లు ఇసుక నింపిన టెన్నిస్ బంతులు దాని దగ్గరగా విసురుతారు. ఈల, గొడుగు టక్కున తెరవడం, నీళ్ల పైపు, ఏదైనా సరే. పిల్లలకు కూడా నేర్పండి.

ఫ్రిస్కో_వాసి

తరిమితే పోని వాటి సంగతి? మా ఊళ్లోవి పోలేదు.

మంచుదారి

నిజమే. తరమడం ఇంకా భయం మిగిలి ఉన్న వాటికే పనిచేస్తుంది. తిండికి అలవాటు పడి మనిషి దగ్గరికి నడిచి వచ్చేదానికి ఆలస్యమైపోయినట్టే. ఇంకో విషయం, ధైర్యం పిల్లలకు కూడా వస్తుంది. యూటాలో పరిశోధన కేంద్రంలో పెంచుతున్న జంటలను గమనిస్తే, మొదటి ఈతకంటే రెండో ఈతకు తల్లిదండ్రులు మనిషి దగ్గరుండగానే తినడం మొదలుపెట్టాయి. ఆ రెండో ఈత పిల్లలు కూడా మొదటివాటి కంటే ధైర్యంగా పెరిగాయి. కొన్నేళ్లలోనే ఊరి కయోటీ అడవి దానికంటే ఎందుకు తెగిస్తోందో దీన్ని బట్టి తెలుస్తుంది.

టఫీ_నాన్న

అందరూ ఓపిగ్గా రాశారు. అన్నీ చదివాను. నేను అడిగేది ఒక్కటే. మనుషుల మీదికో, లీష్ మీద ఉన్న కుక్క మీదికో వచ్చిన ఆ ఒక్కదాన్నయినా తీసేయడానికి మీరు ఒప్పుకుంటారా? లేక దానికీ లెక్కలు చెప్తారా?

పెరటిపిట్ట

ఒప్పుకుంటానండీ, మనస్ఫూర్తిగా. పట్టపగలు మనుషుల వైపు నడిచి వచ్చేది, తరిమినా కదలనిది, యజమాని పక్కనుండగానే లీష్ మీద ఉన్న కుక్క మీద పడేది ఊళ్లో ఉండకూడదు. దాన్ని గుర్తుపట్టి అనుభవం ఉన్నవాళ్లు తొలగించాల్సిందే. నేను వ్యతిరేకించేది, కనపడిన ప్రతిదాన్నీ పట్టేయడాన్ని. అలా చేస్తే డబ్బూ పోతుంది, అసలుది దొరక్కుండానే ఉంటుంది. ఫ్రిస్కో_వాసి గారి ఊళ్లో కూడా మనుషుల మీదికి వచ్చిన చోటనే కదా తొలగించింది.

నేపర్‌విల్_నాన్న

మీటింగ్ అయింది. రెండు గంటలు నడిచింది. నేను లేచి, ట్రాపర్‌కి ఇచ్చే డబ్బుతో ముందు చెరువు పక్కన మూతలు సరిగా పడని ట్రాష్ బిన్‌లు మార్చాలని, తిండి పెట్టకూడదని నియమం రాయాలని అన్నాను. ఎలుకలకు విషం పెట్టే కాంట్రాక్టు గురించి కూడా అడిగాను. విషం తిన్న ఎలుకను తిని కయోటీలు, గుడ్లగూబలు కూడా దెబ్బతింటాయని వెట్_అక్క గారు నాకు విడిగా మెసేజ్‌లో చెప్పారు. ఇద్దరు గట్టిగా వ్యతిరేకించారు. చివరికి బిన్‌లు మార్చడానికి, ట్రెయిల్ మీద చెరువు మలుపును జులై ఆఖరు దాకా మూసి బోర్డు పెట్టడానికి ఒప్పుకున్నారు. ఎవరినైనా వెంబడించినా, మీదికి వచ్చినా రాసిపెట్టడానికి ఒక షీట్ కూడా మొదలుపెట్టాం: తేదీ, సమయం, చోటు, కుక్క ఉందా లేదా, తరిమితే పోయిందా లేదా. ట్రాపర్ విషయం ఆ షీట్ చూశాక మాట్లాడదామన్నారు. తిండి నియమం వచ్చే నెలకు వాయిదా పడింది, దాన్ని వదిలిపెట్టను.

నాన్నకు ఈల కొన్నాను. అమ్మ మాత్రం ఇంకా పాప చెయ్యి వదలడం లేదు.

కేటీ_అమ్మ (కేటీ, టెక్సాస్)

థ్రెడ్ మొత్తం సేవ్ చేసుకున్నాను. ఒక చిన్న ప్రశ్న: మా బాబు మిడిల్ స్కూల్, బస్ స్టాప్‌కి చీకట్లోనే నడవాలి. అక్కడ నిన్న ఒక కయోటీ రోడ్డు దాటింది. 911కి (ఎమర్జెన్సీ నంబర్‌కి) చేయాలా?

వెట్_అక్క

రోడ్డు దాటినందుకు 911 వద్దండీ. మీ సిటీ లేదా కౌంటీ యానిమల్ కంట్రోల్ నంబర్ ఫోన్‌లో పెట్టుకుని, అక్కడ చెప్పండి. కరిచినా, మీదికి దూకినా, పిల్లల దగ్గర నిలబడి కదలకపోయినా 911కే. బాబుకి బ్యాగ్ పట్టీకి ఒక ఈల కట్టండి, చేతిలో టార్చ్ ఇవ్వండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకుండా నడవమనండి. కనపడితే పరుగెత్తకుండా బ్యాగ్ తల పైకెత్తి అరవాలని ఇంట్లో ఒకసారి చేయించి చూడండి. ఆ స్టాప్ దగ్గర ఎవరైనా పిల్లుల కోసం గిన్నెలు పెడుతున్నారేమో కూడా చూడండి, ఉంటే ముందు వాళ్లతో మాట్లాడండి.